పాత షాకబ్జర్లకు కొత్త రంగు

ఎనిమిదేళ్లుగా నా గొంతులో ఒక మాట ఉంది. బయటికి రాదు, లోపలికి పోదు. అన్నం తింటాను, పని చేస్తాను, పెళ్లిళ్లకు పోయి వస్తాను, నవ్వుతాను కూడా. కానీ ఎవరైనా నా ముందు కారు మీద రెండు చేతులూ ఆనించి నొక్కితే చాలు, ముఖం పక్కకు తిప్పుకుంటాను. నేను మెకానిక్‌ని. ఆ నొక్కడం నేను రోజుకు పదిసార్లు చూస్తాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లకు చెప్పబోయి ఇప్పటికి నాలుగుసార్లు మాట మార్చాను. ఒకసారి నా భార్యకే చెప్పాలని కూర్చుని, చివరికి వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పి లేచిపోయాను. కూర బాగానే ఉంది, పాపం. ఆమె వారం రోజులు ఉప్పు తగ్గించి వండింది. అది కూడా నా ఖాతాలోనే వేసుకోండి.

ఈసారి మాట మార్చను. రాసేస్తాను.

మదనపల్లెలో, పుంగనూరు పోయే రోడ్డు మీద నాకు ఒక షెడ్డు ఉంది. పాత కార్లు బాగు చేస్తాను. అందులోనూ అంబాసిడర్లు. నా పేరు రాయను. పేరు రాయకుండా తప్పు ఒప్పుకోవడం ఏం ఒప్పుకోవడం అని మీరంటే, అదీ నిజమే. పేరు చెప్పాల్సిన చోటు వేరే ఉంది. అక్కడికి పోయే ముందు, ఇక్కడ నోరు తిప్పుకోవడం నేర్చుకుంటున్నాను అనుకోండి.

పుంగనూరులో సరోజమ్మ గారని ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఉన్నారు. వాళ్ల నాన్న కొన్న అంబాసిడర్ ఆమె దగ్గర ఉండేది. తెల్లది. దాన్ని తోలేవాడు గంగులప్ప. నాకన్నా పదేళ్లు పెద్ద, నేను అన్నా అని పిలుస్తాను. ముప్పై ఏళ్లు ఆ ఒక్క బండే తోలాడు. ఒక్క గీత కూడా పడనివ్వలేదు. పుంగనూరు బస్టాండు దగ్గర డ్రైవర్లు కొత్తవాళ్లకు బుద్ధి చెప్పాలంటే, 'గంగులప్ప మాదిరి తోలు' అనేవాళ్లు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒక రోజు బండి తీసుకుని ఆయన నా షెడ్డుకు వచ్చాడు. ముందువైపు షాకబ్జర్లు పోయాయి. ఆ కాలపు అంబాసిడర్‌కు ముందు చక్రాల దగ్గర పాత రకం షాకబ్జర్లు ఉంటాయి. డబ్బాలాంటి ఒంట్లో ఆయిల్, పైన ఒక చిన్న బిరడా. లోపలి సీలు అరిగితే ఆయిల్ కారిపోతుంది. అప్పుడు బండి గుంతలో పడి లేచాక కుదురుగా నిలవదు, ఊగుతూ పోతుంది. వీటికి ఆయిల్ పోసి ఇంకొన్నాళ్లు లాగించడం మామూలే. కానీ ఇవి ఆ దశ దాటాయి. మార్చాలి. అవి ఈ చుట్టుపక్కల దొరకవు. బెంగళూరులో ఒకరి దగ్గర మంచి సెట్టు ఉందని తెలిసి ఫోన్ చేశాను. బస్సులో పార్సిల్ వేస్తామన్నారు.

తొందర ఎందుకంటే, సరోజమ్మ గారు కుప్పంలో చాలా ఏళ్లు పనిచేశారు. అక్కడి పాత విద్యార్థులంతా కలిసి ఆమెకు సన్మానం పెట్టుకున్నారు. శనివారం పొద్దున. నాన్న కారులోనే పోయి దిగాలని ఆమె కోరిక. శుక్రవారం సాయంత్రానికి బండి తయారుగా ఉంటుందని నేను మాట ఇచ్చాను. ఇచ్చినప్పుడు ఛాతీ కూడా కొంచెం విరిచి ఉంటాను. నాకు ఆ జబ్బు ఉంది.

పార్సిల్ రాలేదు. ఇచ్చిన మాట పోతుంది. కాబట్టి పాతవాటిలోనే ఆయిల్ పోశాను. మామూలు ఆయిల్ పోస్తే అరిగిన సీలులోంచి కారిపోతుంది కదా, అందుకని గేరుబాక్సులో పోసే చిక్కటి ఆయిల్ పోశాను. కిరసనాయిలుతో తుడిచి, నల్ల రంగు కొట్టాను. శుక్రవారం సాయంత్రం గంగులప్ప వచ్చి, 'కొత్తవేనా?' అంటే, తల ఊపాను.

ఇక్కడ గంగులప్ప పద్ధతి ఒకటి చెప్పాలి. ఆయన కాగితాలు చూడడు, బిల్లు చూడడు. బండి ముందు నిలబడి, చక్రం పైన రెండు చేతులూ ఆనించి మూడుసార్లు నొక్కుతాడు. వదిలి చూస్తాడు. బండి ఒకసారి లేచి నిలిచిపోతే 'ఊ' అంటాడు. అంతే, ఇంక అడగడు. మా వైపు పాత డ్రైవర్లందరికీ ఇదే పరీక్ష, కానీ గంగులప్ప 'ఊ' అంటే మిగిలినవాళ్లు మళ్లీ నొక్కేవాళ్లు కూడా కాదు. చిక్కటి ఆయిల్ పోసిన షాకబ్జర్ ఆ పరీక్షలో కొత్తదానికన్నా బాగా నిలబడుతుంది. నాకు తెలుసు. తెలిసే పోశాను. ఆయన మూడుసార్లు నొక్కాడు. బండి మెల్లగా లేచి, బుద్ధిగా నిలిచింది.

'ఊ' అన్నాడు.

నిలబెట్టి నొక్కడం వేరు, రోడ్డు మీద గంటల తరబడి పోవడం వేరు. అంత చిక్కటి ఆయిల్ లోపలి సన్నటి దారుల్లో తొందరగా కదల్లేదు. ప్రతి గుంతకూ ఒత్తిడి పెరుగుతుంది. అరిగిన సీలు ఎంతసేపు ఆపుతుంది? కుప్పం దాకా పోయి రావచ్చులే అనుకున్నాను. ఈ 'లే' అనే అక్షరం చాలా చెడ్డది. నా జీవితంలో నేను చేసిన వెధవ పనులన్నిటి చివరా అదే ఉంది.

వి.కోట దాటి కుప్పం పోయే దారిలో, పల్లంలోకి దిగే చోట ఒక కల్వర్టు ఉంది. అక్కడ తారు కొంచెం ఎత్తుగా ఉంటుంది. శనివారం పొద్దున అక్కడ బండి ముందుభాగం లేచింది, పడింది, మళ్లీ లేచింది. ఎడమవైపుకు లాగేసింది. రోడ్డు దిగి గట్టుకు గుద్దుకుంది. గంగులప్పకు పెద్దగా ఏమీ కాలేదు. వెనక కూర్చున్న సరోజమ్మ గారి కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. నలభై ఏళ్లు బోర్డు మీద రాసిన చేయి. ఇప్పటికీ ఆ చేత్తో సంతకం సరిగ్గా పడదు.

పట్టపగలు, ఎండ ఉంది, ఎదురుగా బండి లేదు, వాన లేదు. మరి బండి ఎందుకు రోడ్డు దిగింది? జనం రెండు నిమిషాల్లో తేల్చేశారు. డ్రైవర్ నిద్రపోయాడు. వయసైపోయింది, కన్ను మూతపడింది. షాకబ్జర్లు నిన్ననే కొత్తవి వేశారు కదా, బండిని అనడానికి లేదు.

బండిని లాక్కొచ్చి నా షెడ్డులోనే పెట్టారు. ఇంకెక్కడ పెడతారు? రెండు చక్రాల లోపలి పక్కన నల్లగా ఆయిల్ చారలు. ఎవరూ రాకముందే వంగి తుడిచేశాను. పాతవి విప్పి పాత ఇనుములో పడేశాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

నాలుగో రోజు గంగులప్ప వచ్చాడు. నుదుటి మీద చిన్న పట్టీ. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. నొక్కలేదు. నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు సెప్పప్పా," అన్నాడు. "బండిలో ఏమన్నా ఉండాదా? స్టీరింగు నా సేతిలో నిలవలేదు. నేను నిద్రపోయినట్టు నాకు తెలీదు. అందురూ నిద్రపోయినావంటాండారు. బండి గురించి నీకు తెలిసినట్టు ఎవురికీ తెలీదు. నువ్వు ఏం సెప్తే అదే నమ్ముతా."

నా చేతిలో స్పానర్ ఉంది. దాన్నే చూస్తూ ఉన్నాను.

"బండిలో ఏమీ లేదన్నా," అన్నాను. "బండి బాగుండాది."

"బాగా సూసినావా?"

"సూసినానన్నా."

తరువాత లేచి నా భుజం తట్టాడు. "మంచిదప్పా. ఉండేది ఉన్నట్టు సెప్పినావు," అని పోయాడు.

నన్ను తినేసింది నేను చెప్పిన అబద్ధం కాదు, దానికి ఆయన చెప్పిన కృతజ్ఞత. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఇంతవరకు రాసి, టీ తాగి వచ్చి, చదువుకున్నాను. ఇందులోనూ ఒక అబద్ధం ఉంది. చూశారా? ఒప్పుకోవడానికి కూర్చుని కూడా చేయి దానంతటదే రంగు కొడుతోంది. ఎనిమిదేళ్లు నాకు నేను చెప్పుకున్న కథ ఇదే కాబట్టి, కలం అదే దారిలో పోయింది.

పార్సిల్ వచ్చింది. గురువారం పొద్దునే వచ్చింది.

అదే పొద్దున హార్సిలీ హిల్స్ పోతూ బెంగళూరు నుంచి ఒకాయన నా షెడ్డు ముందు ఆగాడు. అద్దంలాంటి నల్ల అంబాసిడర్. ఆయనకు పాత కార్లంటే పిచ్చి. ఇంకో నాలుగు బండ్లు ముందు పోయాయి, ఈయన బండి ముందు షాకబ్జర్ కారిపోయి వెనకబడ్డాడు. మెడలో కెమెరా. నా గురించి ఎక్కడో విన్నాడట. బల్ల మీద విప్పి పెట్టిన సెట్టు చూసి, 'ఇవి నా బండికి వేయగలరా?' అన్నాడు.

ఇవి వేరేవాళ్లవి అని చెప్పాలి. రెండు మాటలు. చెప్పలేదు. ఆయన కెమెరా ఆన్ చేశాడు. నేను చేతులు కడుక్కుని, చొక్కా గుండీ పెట్టుకుని, గంగులప్ప బండికి రావలసిన షాకబ్జర్లను ఆ నల్ల బండికి బిగిస్తూ, ఎలా బిగించాలో వివరించాను. అంబాసిడర్ విషయంలో ఈయనను మించినవాడు లేడని ఆయన కెమెరాకు చెప్పాడు. నేను సిగ్గుపడినట్టు తల దించుకున్నాను. ఆ వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతోంది. అది చూసి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నా ముఖం ఎంత వెలిగిపోతూ ఉంటుందో!

సరోజమ్మ గారి బండికి కొత్త సెట్టు ఇంకొకటి తెప్పించి వేస్తాలే అనుకున్నాను. మళ్లీ 'లే'. రెండు రోజుల్లో ఎలా వస్తాయి? శనివారానికి బండి తయారు కాదని ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు. ఆమె బస్సులోనో, ఇంకో కారులోనో పోయేది. సన్మానం జరిగేది. నా మాట ఒక్కటి పోయేది. మాట పోతుందని భయపడి మనిషిని పోగొట్టాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను, కడగలేదు, ఆ కాలితోనే ఎనిమిదేళ్లు అందరి ఇళ్లకూ తిరిగాను.

గంగులప్ప ఆ తరువాత స్టీరింగ్ పట్టలేదు. కళ్లు చూపించుకున్నాడు. డాక్టరు కళ్లు బాగున్నాయన్నాడట. మామూలుగా అయితే మనిషి సంతోషిస్తాడు. ఈయన కుంగిపోయాడు. కన్నులో లోపం లేదు, బండిలో లోపం లేదు, అయితే నిద్రే. నిద్రపోయినట్టు తనకే తెలియని నిద్ర. అలాంటి నిద్ర ఎప్పుడు వస్తుందో ఎవరికి తెలుసు?

సరోజమ్మ గారు ఆయనను ఒక్క మాట అనలేదు. కారు మాత్రం అమ్మేశారు. ఆయన రెండు ఆవులు పెట్టుకుని, కొంచెం టమాటా వేసుకుని బతుకుతున్నాడు. ఇదంతా నాకు ముక్కలు ముక్కలుగా తెలుస్తూ వచ్చింది. నేను అడిగేవాణ్ణి కాదు, చెవులు మాత్రం అటే ఉండేవి.

పోయిన నెల మదనపల్లె మార్కెట్ యార్డు దగ్గర ఒక వ్యాన్ బ్రేకు చూడమని పిలిస్తే పోయాను. పుంగనూరు నుంచి టమాటా క్రేట్లతో వచ్చిన బండి. వెనక క్రేట్ల మధ్య ఒరిగి కూర్చుని ఉన్నాడు గంగులప్ప. ముందు సీటు ఖాళీగా ఉంది. ఎందుకన్నా ఈడ అంటే, వ్యాన్ డ్రైవరే నవ్వుతూ చెప్పాడు, మామ ముందు కూర్చోడంట, పక్కన కూర్చుని నిద్రపోతే తోలేవాడికీ నిద్రొస్తాదంట. గంగులప్ప కూడా నవ్వాడు. తన మీద వేసిన జోకుకు తనే ముందు నవ్వడం ఆయనకు అలవాటైపోయింది. ఇంట్లో పొయ్యి మీద పాలు పెడితే భార్య పక్కన లేకుండా నిలబడడట. ఆవులను తోలుకుని ఒంటరిగా రోడ్డు దాటడట. ముప్పై ఏళ్లు అందరినీ నిద్రపుచ్చి క్షేమంగా ఇల్లు చేర్చిన మనిషి, తనను తాను నమ్మక, పగలంతా తనకు తనే కాపలా కాసుకుంటున్నాడు.

నేను ఆయన చేయి విరగ్గొట్టి ఉంటే అది ఎప్పుడో అతుక్కునేది. నేను చేసింది అది కాదు. ఆ రోజే నిశ్చయించుకున్నాను. నెల పట్టింది. నెల ఎందుకు పట్టిందని అడగకండి, ఎనిమిదేళ్లు ఎందుకు పట్టిందో చెప్పలేనివాణ్ణి.

పైదంతా ఆదివారం రాశాను. ఈ రోజు మంగళవారం. నిన్న పుంగనూరు పోయి వచ్చాను.

బైకు వదిలి బస్సులో పోయాను. బైకు అయితే మధ్యలో వెనక్కి తిప్పననే నమ్మకం నాకు నా మీద లేదు. గంగులప్ప ఇంటి ముందు ఆవుకు దాణా కలుపుతున్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. బెంగళూరు సెట్టు నుంచి మొదలుపెట్టాను, లేకపోతే మళ్లీ దాన్ని దాటేసేవాణ్ణి. నల్ల బండి, కెమెరా, చిక్కటి ఆయిల్, నల్ల రంగు, ఆయిల్ చారలు, స్టూలు మీద కూర్చుని ఆయన అడిగిన మాట, నేను చెప్పిన మాట. మధ్యలో ఆగలేదు. ఆయన చేయి దాణాలోనే ఉండిపోయింది.

ఆయన తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే.

"అయితే ఆ పొద్దు నేను నిద్ర పోలేదా?"

"లేదన్నా. మేలుకోనే ఉండావు."

ఆయన లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. ఆమె వచ్చింది. "ఇంగోసారి సెప్పు," అన్నాడు నాతో. చెప్పాను. ఆమె గుమ్మం పట్టుకుని ఏడ్చింది. నా వైపు చూడలేదు.

చేతులు కడుక్కుని చొక్కా వేసుకున్నాడు. "పద, అమ్మకు సెప్పు. నువ్వు సెప్పేది నేను ఇనాల," అన్నాడు. సరోజమ్మ గారింటికి నడుస్తూ పోయాం. ఆయన ముందు, నేను వెనక. రోడ్డు దాటేటప్పుడు ఆయన ఆగలేదు, అటూ ఇటూ చూసుకుని నేరుగా దాటేశాడు. మూడోసారి చెప్పాను. ఆమె వంకర పోయిన మణికట్టును ఇంకో చేత్తో పట్టుకుని విన్నారు. గంగులప్ప వైపు తిరిగారు. ఆ రోజు తాను వెనక సీట్లో సన్మానంలో మాట్లాడవలసిన కాగితం చదువుకుంటూ ఉన్నానని, అందుకే ఏమీ చూడలేదని, తాను కూడా ఎనిమిదేళ్లు ఆయన నిద్రపోయాడనే అనుకున్నానని గంగులప్పతో చెప్పారు. చెబుతూ ఆయనకు కుర్చీ చూపించారు. ఆయన కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను.

'క్షమించన్నా' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. అంటే ఆయనకు ఇంకో పని పెట్టినట్టవుతుంది. ఇప్పటికే ఆయన చేత చాలా మోయించాను.

బయటికి వచ్చాక బస్టాండు దాకా వచ్చాడు. అక్కడ డ్రైవర్లు నిలబడి ఉన్నారు. నన్ను వాళ్ల మధ్యకు తీసుకుపోయి నిలబెట్టాడు. "ఈడా సెప్పు," అన్నాడు. నాలుగోసారి చెప్పాను. పేరుతో సహా. వాళ్లలో ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు. గంగులప్ప వాడి చేయి తీసేశాడు. నా మీద జాలితో కాదు. ఆయన ముఖంలో జాలి లేదు.

"బస్సొచ్చినాది, ఎక్కు," అన్నాడు. "ఇంక నా ఇంటికి రావద్దు."

ఎక్కాను. ఈ రోజు షెడ్డుకు ఎవరూ రాలేదు. రేపూ రాకపోవచ్చు. మాట అప్పుడే ఊరంతా పాకి ఉంటుంది. పాకనీ. నాకు భయంగానే ఉంది, కానీ అన్నం తిన్నాను, ఉప్పు సరిపోయిందని నా భార్యకు చెప్పాను, ఆమెకు కూడా అంతా చెప్పాను. గొంతులో ఏమీ అడ్డం లేదు. అంతకుమించి ఏదీ రావాలని నేను అనుకోవడం లేదు.

మీకు మాత్రం ఇది స్పష్టంగా రాసి పెడుతున్నాను. ఎవరైనా అడిగితే ఇలాగే చెప్పండి. ఆ బండికి వేసినవి పాత షాకబ్జర్లు. ఆయిల్ పోసింది నేను. గంగులప్ప మేలుకొనే ఉన్నాడు.